జీరో టికెట్టు, ఐదు సెంట్ల టికెట్టు

మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్ళాలంటే ముందు తూర్పుగా అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, మళ్ళీ పడమరకి తిరిగి రావాలి. రోడ్డు మీద ఓ పది కిలోమీటర్ల దూరానికి ఇంత ప్రదక్షిణం. దీని మీద జోకులేసుకోని సాఫ్టువేరు ఆఫీసు ఉండదేమో. జోకులయ్యాక ఎవరో ఒకరు "అదే అమెరికాలో అయితేనా..." అని అందుకుంటారు. వాళ్ళు చెప్పే అమెరికాలో అన్నీ ప్రైవేటువాళ్ళే కడతారు, ఎవడి ప్రయాణం ఖర్చు వాడే పెట్టుకుంటాడు, ఉచితాల ఊసుండదు. ఇక్కడేమో మనం కట్టే టాక్సులతో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సులు! అక్కణ్ణుంచి వాదన రాజకీయాల్లోకి వెళ్ళిపోతుంది, టీ చల్లారిపోతుంది.

ఈ వాదనలో చిక్కేమిటంటే, అలాంటి అమెరికా ఎక్కడా లేదు.

రోడ్ల సంగతే చూడండి. మనవాళ్ళు డెబ్బై మైళ్ళ స్పీడులో దూసుకెళ్ళే ఇంటర్‌స్టేట్ హైవేలు ప్రైవేటు కంపెనీల పుణ్యం కాదు. 1956లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో 41,000 మైళ్ళ రోడ్లకి అనుమతి వచ్చింది, ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది. పెట్రోలు మీద పన్నేసి ఆ డబ్బుతో కట్టారు కాబట్టి వాడుకున్నవాడే కట్టుకున్నాడు అనొచ్చు, చాలాకాలం ఆ మాట నిజం కూడా. కానీ ఆ పన్ను 1993లో గ్యాలన్‌కి 18.4 సెంట్ల దగ్గర ఆగిపోయింది. సిమెంటు, తారు, కూలీ అన్నీ పెరిగినా పన్ను పెంచే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. దాంతో 2008 నుంచి ఆ రోడ్ల నిధికి చిల్లు పడినప్పుడల్లా మామూలు ఖజానాలోంచి తెచ్చి పోస్తూ వచ్చారు. అంటే న్యూయార్కులో సొంత కారు కూడా లేనివాడి ఇన్‌కంటాక్సులో ఓ పిసరు టెక్సాస్ హైవేలో కలిసింది. దాన్ని ఉచితం అని ఎవరూ అనరు.

టెక్సాస్ అంటే గుర్తొచ్చింది. డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో డార్ట్ అనే రవాణా సంస్థలో సభ్యులైనవి సేల్స్ టాక్సులో ఒక శాతం దానికిస్తాయి, బదులుగా బస్సులూ రైళ్ళూ వస్తాయి. మన తెలుగువాళ్ళు కుప్పలు తెప్పలుగా ఇళ్ళు కొనుక్కున్న ఫ్రిస్కో అందులో లేదు. ఆ డబ్బుని కంపెనీలని రప్పించడం లాంటి ఊరి అభివృద్ధి పనులకి పెట్టుకుంది. తప్పనను, వాళ్ళ ఇష్టం. కానీ అదీ ప్రభుత్వ డబ్బే, దాన్ని ఎటు మళ్ళించాలో తేల్చిందీ రాజకీయమే. ఫ్రిస్కో నుంచి సెలవులకొచ్చిన బావమరిది చెప్పే అమెరికా, జెర్సీ సిటీలో రోజూ పాత్ రైలెక్కే తోడల్లుడు చెప్పే అమెరికా ఒకటి కాకపోవడానికి కారణం ఇలాంటివే.

అసలు కథ న్యూయార్కు సబ్‌వేది. మన మెట్రో గురించి మాట్లాడేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన కథ. 1904 అక్టోబర్ 27న మొదలైనప్పుడు సొరంగం సిటీ డబ్బుతో తవ్వారు, రైళ్ళు నడిపింది ఐఆర్‌టీ అనే ప్రైవేటు కంపెనీ. టికెట్టు ఐదు సెంట్లు. 1913లో ఐఆర్‌టీతోనూ, బ్రూక్లిన్ వైపు రైళ్ళు నడిపే బీఆర్‌టీతోనూ సిటీ కొత్త ఒప్పందాలు చేసుకుంది. అందులోనూ ఐదు సెంట్లే రాసుకున్నారు. అప్పట్లో కంపెనీలే దానికి సంతోషించాయి. ధరలు పడిపోతే టికెట్టు తగ్గించమంటారేమోనన్నది వాళ్ళ భయం! తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, ధరలు రెట్టింపైనంత పని అయింది, టికెట్టు మాత్రం కదల్లేదు. 1918లో మేయరైన జాన్ హైలన్ ఆ ఐదు సెంట్లనే తన రాజకీయానికి జెండా చేసుకున్నాడు. (ఈ హైలన్ ఒకప్పుడు బ్రూక్లిన్‌లో రైలు నడిపి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. పాత పగ కొంత ఉందంటారు.) బీఆర్‌టీ 1918 చివర్లో దివాలా తీసింది, ఐఆర్‌టీ 1932లో. చివరికి 1940లో సిటీయే రెండింటినీ కొనేసింది. టికెట్టు పది సెంట్లయింది 1948లో, అంటే మొదలైన నలభై నాలుగేళ్ళకి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2008లో హైదరాబాదు మెట్రోకి టెండర్లు పిలిస్తే మేటాస్ నాయకత్వంలోని సంస్థల కూటమి ఒక అద్భుతం చేసింది. మెట్రో కట్టడానికి సర్కారు పైసా ఇవ్వక్కర్లేదు, మేమే ముప్ఫై అయిదేళ్ళలో 30,311 కోట్లు ఎదురిస్తాం అంది. ప్రపంచంలో ఎక్కడా టికెట్ల మీద మెట్రో పెట్టుబడి తిరిగి రాదని తెలిసినవాళ్ళకి ఇది మింగుడు పడలేదు. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు ఆ సెప్టెంబర్లోనే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ప్రాజెక్టుతో పాటు ఇచ్చే విలువైన స్థలాల మీద వీళ్ళ కన్ను ఉందనీ, ఇది ముందు ముందు రాజకీయ కుంభకోణం అవుతుందనీ దాని సారాంశం. అప్పటి రాష్ట్రప్రభుత్వం జవాబు చెప్పడం మాని, క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. నాలుగు నెలలు తిరక్కుండా 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. ఆ రోజు సంగతి మన ఫీల్డులో వేరే చెప్పక్కర్లేదు. జులైలో మేటాస్ కాంట్రాక్టు రద్దయింది.

రెండోసారి 2010లో ఎల్ అండ్ టీకి దక్కింది. వాళ్ళు ఎదురివ్వలేదు, 1,458 కోట్ల సాయం అడిగారు. లెక్క మాత్రం పాతదే. ఆదాయంలో సగం టికెట్ల నుంచి, మిగతాదాంట్లో సింహభాగం మాల్స్, ఆఫీసు స్థలాల నుంచి. 2017 నవంబర్ 28న మియాపూర్లోనే ప్రధాని మోదీ ప్రారంభించారు. మొదట మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు, 2018 సెప్టెంబర్లో ఎల్బీనగర్, 2019 మార్చిలో హైటెక్ సిటీ, 2020 ఫిబ్రవరికల్లా మొత్తం 69 కిలోమీటర్లు. సరిగ్గా నెలన్నరకి కరోనా. సెప్టెంబర్ 7 దాకా రైలే లేదు, ఆ తర్వాత చాలాకాలం మనమే లేము, ఇంటినుంచి పని :) ఎక్కేవాళ్ళు లేక, షాపులకి అద్దెకొచ్చేవాళ్ళు లేక, అప్పు మీద వడ్డీ మాత్రం పెరిగింది. టికెట్టు 2017 నుంచి 2025 మే దాకా పది నుంచి అరవై రూపాయలే. మేలో పన్నెండు నుంచి డెబ్బై అయిదుకి పెంచారు, గోల లేవగానే వారం తిరక్కుండా పది శాతం తగ్గించారు. హైలన్ మహాశయుడు ఎక్కడున్నా నవ్వుకునే ఉంటాడు.

2025 సెప్టెంబర్లో తెలంగాణ ప్రభుత్వం మెట్రోని తీసుకోవడానికి ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తినెత్తుకుని, వాటాకింద ఇంకో రెండు వేల కోట్లు ఇచ్చే పద్ధతి మీద. ప్రైవేటు లాభం చూసుకుని నష్టం సర్కారుకి వదిలిందని కొందరు, సర్కారు ఛార్జీలు పెంచనివ్వక, ఫ్రీ బస్సులు పెట్టి ముంచిందని కొందరు. రెండో మాట ఎల్ అండ్ టీ ఆర్థిక వ్యవహారాల పెద్దే 2024 మేలో అన్నారు. నా మటుకు నాకు రెండూ సగం సగమే నిజం అనిపిస్తుంది. ఐదు సెంట్ల టికెట్టుకీ ఫ్రీ బస్సులకీ సంబంధం లేదు, అయినా న్యూయార్కు కంపెనీలు మునిగాయి. ఊరంతా ఎక్కాల్సిన బండికి టికెట్టు ధర రాజకీయమే అవుతుంది. ఒప్పందంలో ఏ కాలం రాసుకున్నా అంతే.

ఇంతకీ ఆ ఫ్రీ బస్సు. 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఎక్కిన ఆడవాళ్ళకి కండక్టర్ జీరో టికెట్టు కొట్టిస్తాడు, ఆ లెక్కన ఆర్టీసీకి ప్రభుత్వం డబ్బు కట్టాలి. బస్సులు పెంచకుండా పథకం పెట్టడంతో జనం వేలాడారు, ఆటోవాళ్ళ సంపాదన పడిపోయింది. నన్నడిగితే ముందు బస్సులు కొని తర్వాత మొదలెట్టాల్సింది. కానీ "నా టాక్సుతో" అనే మాట దగ్గరే నాకు పేచీ. దుర్గం చెరువు తీగల వంతెనకి 184 కోట్లయింది, 2020లో తెరిచారు. కొత్తగూడ ఫ్లైఓవర్‌కి 260 కోట్ల పైమాటే. వాటి మీద ఆర్టీసీ బస్సూ పోవచ్చు, నిజమే, కానీ ఒంటరిగా ఓ మనిషి ఓ కారులో పోయే వరసని ఎవరైనా ఓ సాయంత్రం నిలబడి చూడొచ్చు. ఆ వంతెనెక్కేవాడికి ఎవరూ జీరో టికెట్టు కొట్టివ్వరు. కాబట్టి తనకొచ్చింది కనపడదు, పక్కవాళ్ళకొచ్చింది కనపడుతుంది. మేం పెట్రోలు మీద పన్ను కడుతున్నాంగా అంటారు. ఆర్టీసీ కూడా డీజిలు మీద పన్ను కడుతుంది.

పైగా ఆ జీరో టికెట్టు మీద పొద్దున్నే పటాన్‌చెరు వైపునుంచి మియాపూర్ మీదుగా వచ్చేవాళ్ళలో మన ఆఫీసు అంతస్తులు తుడిచేవాళ్ళూ, క్యాంటీన్లో గిన్నెలు కడిగేవాళ్ళూ ఉన్నారు. మనకి కంపెనీ క్యాబ్ ఉంది, దాని ఖర్చు కంపెనీ లెక్కల్లో పడుతుంది. వాళ్ళకి ఆ క్యాబ్ లేదు.

అన్నట్టు, ఈ ఊళ్ళో సర్కారు బస్సు ఏ సోషలిస్టులో తెచ్చింది కాదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలెట్టారు. మియాపూర్లో అల్విన్ చౌరస్తా ఉంది కదా, ఆ పేరుగల కంపెనీ ఫ్రిజ్‌లూ వాచీలే కాదు, బస్సులకి బాడీలు కూడా కట్టింది. 2003లో వచ్చిన ఎంఎంటీఎస్‌కి రాష్ట్రం, రైల్వే డబ్బులు పెట్టుకున్నాయి. హఫీజ్‌పేటలో ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ, మెట్రో ప్రదక్షిణం అక్కర్లేదు. రైళ్ళు నాలుగు ఎక్కువ వేసే నాథుడు లేడు గానీ.

ఇక అమెరికాలో ఉచితాల ఊసుండదన్నవాళ్ళకి: 2025 నవంబర్లో న్యూయార్కు మేయరుగా గెలిచిన జొహ్రాన్ మమ్దానీ ఇచ్చిన పెద్ద వాగ్దానాల్లో ఒకటి ఉచిత బస్సు.

మన మెట్రో రెండో దశకి 2024 నవంబర్లో రాష్ట్రం కేంద్రానికి పంపిన ప్రతిపాదనలో మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి 13.4 కిలోమీటర్ల దారి ఉంది. మొత్తం 24,269 కోట్ల అంచనాలో రాష్ట్రానిది 30 శాతం, కేంద్రానిది 18, అప్పు 48. ప్రైవేటు వాటా నాలుగు శాతం.