అదను, పదను: అనంతగిరి చుట్టూ ఒక చూపు చరిత్ర

ప్రకృతిని ఏకాగ్రతతో గమనించేవాడికి మెలకువ పెరుగుతుందనీ, కార్యకారణాలు వెదకకుండానే విషయం స్ఫురిస్తుందనీ తరచు వింటుంటాం. ఈ మాటలో అబద్ధం లేదు. కాని ఆ గమనించేవాడు ఎవడు అనేసరికి మన సాహిత్యకారులలో చాలామంది గుహలో కూర్చున్న మునినో, కిటికీ దగ్గర కూర్చున్న కవినో చూపిస్తారు. వికారాబాదు పక్కనున్న అనంతగిరికి కూడా ఆ మర్యాద జరిగింది. అక్కడ పుట్టే మూసీకి ముచికుంద అని పేరు పెట్టి, నిద్రపోయిన ఒక పురాణరాజుకు అంటగట్టారు. ఇప్పుడు ఆదివారాలు హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవారు అదే కొండ మీద ప్రశాంతతను వెదుక్కుంటున్నారు. వెదుక్కోనివ్వండి, ఎవరికీ నష్టం లేదు. నిద్రపోయినవాడికి కథ ఉంది గాని, ఆ కొండ కింద కళ్లు తెరుచుకుని బతికినవారికి చరిత్ర లేకపోవడమే నాకు అభ్యంతరం.

అనంతగిరి పైభాగం ఎర్రని, రంధ్రాల రాయి. దాని కింద లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి. పైరాయి వాననీటిని పీల్చుకుని దిగువన ఊటలుగా వదులుతుంది. మూసీ తూర్పుకు పోయి, హైదరాబాదు దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమరకు పోయి, తాండూరు మీదుగా భీమలో చేరి, చివరికి ఆ కృష్ణకే వస్తుంది. తాండూరు వైపు నేల నల్లరేగడి. దాని అడుగున సున్నపురాయి పొరలు. 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం ఈ ప్రాంతం గుండా పడింది. వికారాబాదు పేరులో పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా ఉన్నాడు. కొండను చదువుకున్న పశులకాపరి ఏ స్టేషను బోర్డు మీదా లేడు.

అతని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? ముందుగా భాషలో వెదకాలని తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిగా నా అభిప్రాయం. ‘పదను’ అనే మాట తీసుకోండి. కత్తికి పదను ఉంటుంది, నేలకూ పదను ఉంటుంది. దున్నడానికీ, విత్తడానికీ తగినంత తడి, ఎక్కువా తక్కువా కాని తడి. తాండూరు వైపు కందిరైతు గుప్పెడు రేగడి తీసి పిడికిట బిగించి వదులుతాడు. ముద్దగా అంటుకుపోతే ఇంకా ఆగాలి. పొడిగా రాలితే సమయం దాటింది. అతన్ని ‘ఎలా తెలిసింది?’ అని అడిగితే ‘చేతికి తెలుస్తది’ అంటాడు. పండితులు స్ఫురణ అనేది ఇదే. అది ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. ఎన్ని విత్తనాలు మట్టిలో మురిగిపోతే, ఎన్ని కుటుంబాలు అప్పులపాలైతే ఆ చేతికి ఆ తెలివి వచ్చిందో లెక్క తీయవలసి ఉంది. పూత మీదున్న కందిచేనుపై రెండు రోజులు మొగులు పడితే అతని ముఖం మారుతుంది. పూత రాలుతుందనీ, కాయతొలుచు పురుగు వస్తుందనీ అతనికి తెలుసు. కవికి మాత్రం అది మేఘం.

కార్తెల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పదమూడు, పద్నాలుగు రోజులకొకటిగా ఇరవై ఏడు కార్తెలు కట్టి, ఒక్కొక్కదానికి సామెత అల్లినది సామూహిక పరిశీలనే. కాని సూత్రంగా మారిన పరిశీలన పరిశీలన కాదు. మృగశిర వచ్చింది కనుక విత్తనం వేసేవాడు పంచాంగాన్ని నమ్మినవాడు. పదను చూసి వేసేవాడు నేలను చూసినవాడు. వానల రాకపోకలు తారుమారైన ఈ రోజుల్లో ఈ తేడా ప్రాణం మీదికి వస్తోంది. మన కావ్యాలలోనూ ఇదే తేడా. అష్టాదశ వర్ణనలు లెక్కకు సరిపెట్టిన ప్రబంధాలు ఎన్నో ఉన్నాయి. ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలోని వానాకాలం వేరు. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, తడి కట్టెల పొగ, పొలం గుడిసెలో రైతు—రాయలు చక్రవర్తి అయినా అక్కడ చూసి రాశాడు. ఆ చూపును ఆయనకు అరువిచ్చింది పొలాలలోని జనమే అనుకుంటాను.

తాండూరు నాపరాతి గనులలో మరో విద్య ఉంది. బండ పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపార ఎక్కడ దూర్చితే పొర చీలకుండా లేస్తుందో కూలివాడు చూడగానే చెబుతాడు. సుత్తితో తట్టి, ఖంగుమంటే ఉంచుతాడు, బొద్దుగా మోగితే పక్కకు నెడతాడు. ఇంద్రియాల వికాసం మానవచరిత్ర మొత్తం చేసిన పని అని మార్క్స్ 1844 నాటి రాతప్రతులలో వాదించాడు. ఆ కూలివాడి చెవి అందుకు సాక్ష్యం. అయితే ఆ చెవిని అలా పెంచిన పనే అతని ఊపిరితిత్తులను రాతిదుమ్ముతో నింపుతుంది. క్షయరోగులకు మంచిగాలి కోసం నిజాం కాలంలో ఆసుపత్రి వెలసింది ఇదే జిల్లాలోని అనంతగిరి మీద! శ్రమ చూపునిస్తుందని చెప్పి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు.

శాస్త్రానికీ ఈ చూపుకూ వైరం ఉందని కొందరు ప్రచారం చేస్తారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. తరువాత వచ్చిన విశ్వేశ్వరయ్య నగరం నుంచి ఎగువకు చూశాడు. వాన లెక్కలూ, పరీవాహకంలోని వందలాది చెరువులూ, వాటిలో తెగినవీ పరిశీలించాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ చూపు ఫలితాలు. ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఎగువ వానను అంచనా వేసే నీరటికాడు చేసే పనీ అదే; కొలతలు లేవు, అంతే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ వ్యవసాయ వృత్తిపదకోశం ప్రచురించినప్పుడు, జిల్లాలు తిరిగి రైతుల నోటి నుంచి సేకరించిన మాటలకు మొదటిసారి గ్రంథగౌరవం దక్కింది.

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పప్పు రుచికి నేల కారణమని చెప్పుకున్నాం. ఆ నేలను కనిపెట్టిన చేతికి వాటా ఎంతో చెప్పుకోలేదు. కౌలురైతు సంగతి అడిగేవారే లేరు. 2024 అక్టోబరు 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రేడియో కేంద్రానికి పునాదిరాయి పడింది. జలాంతర్గాములకు సందేశాలు పంపే ఆ కేంద్రానికి సుమారు 2,900 ఎకరాల అడవిభూమి. స్థానికులూ, పర్యావరణ కార్యకర్తలూ వ్యతిరేకించారు. దేశరక్షణ అక్కరలేదని ఎవరూ అనలేదు. చెట్టుకు బదులు మరోచోట చెట్టు నాటుతామని అధికారులు జవాబు చెప్పగలరు. కాని ఆ అడవిలో పశువులు మేపేవారికి ఏ వాన ఏ వాగును ఎంతసేపట్లో పొంగిస్తుందో తెలుసు. ఆ తెలివి అక్కడి వాగులకు, అక్కడి గట్లకు మాత్రమే పనికివస్తుంది. మనిషిని తరలించినట్టు దానిని తరలించలేము.