చిల్లరలో పాత నాణేల వెతుకులాట (కర్నూలు, కడప సీమ)

చేతికందిన చిల్లరను ఖర్చుపెట్టే ముందు ఒక్కొక్క బిళ్ళనూ తిరగేసి చూసి, పాతవాటినీ అరుదైనవాటినీ ఏరి పక్కన పెట్టుకోవడం నాణేల సేకరణలో ఒక పద్ధతి. అమెరికాలో ఇందుకోసం బ్యాంకు నుంచి కాగితపు చుట్టలు కొని తెస్తారు. ఒక చుట్టలో యాభై సెంట్లో, నలభై క్వార్టర్లో ఉంటాయి. అక్కడ 1964 వరకు కొట్టిన డైములు, క్వార్టర్లు వెండివి. వాటి చెల్లుబాటును ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి చుట్టలో ఒకటైనా దొరకవచ్చునన్న ఆశ ఇంకా మిగిలే ఉంది. కర్నూలు, కడప ప్రాంతంలో పరిస్థితి వేరు. ఇక్కడి కిరాణా కొట్టు గల్లాలో ఉండే చిల్లర దాదాపు అంతా కొత్తదే. పాత నాణెం కావాలంటే దేవుడి హుండీ, కంసాలి పెట్టె, దున్నిన చేను వంటి చోట్ల వెదకాలి.

చిల్లర కొత్తదైన తీరు

ఈ సీమను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కర్నూలు మాత్రం 1839 వరకు నవాబుల చేతిలో ఉంది. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న కాలంలో (1800–1807) ఇక్కడ వరహాలు, ఫణాలు, కాసులు చెల్లేవి. మద్రాసు లెక్కలో వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1807–08 ప్రాంతంలో కంపెనీ కొట్టించిన వెండి పావు వరహాకు ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి బొమ్మ, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉంటాయి. రాగి పది, ఇరవై కాసుల బిళ్ళలు బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాల నుంచి ఓడల్లో వచ్చేవి. అలా బయలుదేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల్లో మునిగింది. మన జనం చేతుల్లో అరిగిపోవలసిన 1808 నాటి కాసులు లక్షల సంఖ్యలో సముద్రం అడుగున ఉండిపోయాయి. 1980లలో గజ ఈతగాళ్ళు వాటిని పైకి తీయడంతో, నిగనిగలాడే పది కాసుల బిళ్ళ ఈనాటికీ తక్కువ ధరకే దొరుకుతోంది. చేతులు మారి అరిగిన బిళ్ళ అంత అందంగా ఉండదు. అయినా ఈ నేల మీద నిజంగా చెల్లింది అదే కనుక, సీమ చరిత్రకు దాని సాక్ష్యమే ఎక్కువ విలువైనది.

1818లో మద్రాసు రాజధానిలో రూపాయి లెక్క వచ్చింది. 1835 నుంచి కంపెనీ ఏలుబడిలోని ప్రాంతమంతటికీ ఒకే కంపెనీ రూపాయి నడిచింది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. యుద్ధకాలంలో రాగి కరువై 1943లో నడుమ బెజ్జంతో వచ్చిన చిల్లుకానీని ఆనాటి పిల్లలు మొలతాటికి కట్టుకున్నారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలను సాగనంపాయి. చివరి దెబ్బ 2011 జూన్ 30న పడింది. పావలా, అంతకు తక్కువ విలువగల బిళ్ళలన్నీ ఆ రోజుతో చెల్లకుండా పోయాయి. చట్టం ప్రకారం అర్ధరూపాయి ఇప్పటికీ చెల్లుతుంది కానీ, కర్నూలులోనైనా కడపలోనైనా అది తీసుకునే కొట్టు వెదకాల్సిందే.

ఇప్పుడు చిల్లరలో దొరికే పాతది అంటే చాలావరకు 1975–1991 మధ్య కొట్టిన రాగి–నికెల్ రూపాయే. దాన్ని పోల్చుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు. 1992 తర్వాతి ఉక్కు రూపాయి టక్కున అంటుకుంటుంది, రాగి–నికెల్‌ది అంటదు. 1947–1974 నాటి రూపాయి శుద్ధ నికెల్‌ది కాబట్టి అదీ అంటుకుంటుంది. అప్పుడు సంవత్సరం చూసి తేల్చుకోవాలి. సంవత్సరం కింద ఉండే గుర్తు టంకశాలను చెబుతుంది. నక్షత్రం హైదరాబాదుది, వజ్రం ముంబయిది, గుండ్రని చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం కాలంలో మొదలై, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. 1985 నాటి కొన్ని రూపాయల మీద 'హెచ్' అక్షరం కనబడుతుంది. అవి బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలలో కొట్టించినవి.

కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇళ్ళలో చిల్లర డబ్బా వంపితే మరో రకం బిళ్ళ కూడా బయటపడుతుంది. తెరచాప పడవ బొమ్మ ఉన్న కువైట్ ఫిల్సు అది. ఈ ఊళ్ళ నుంచి పనికి వెళ్ళినవాళ్ళ జేబుల్లో వచ్చినవే అవన్నీ. వంద ఫిల్సు బిళ్ళ పరిమాణంలో మన పాత రూపాయికి దగ్గరగా ఉండటంతో చూడకుండా చెల్లిపోతుంటుంది. నాణేల వేట చేసేవాళ్ళు దీన్ని పారేస్తారు కానీ, అలా పారేయకూడదు. కడప జిల్లా నలభై యాభై ఏళ్ళ బతుకు అందులో ఉంది.

హుండీ, కంసాలి పెట్టె

మహానంది, అహోబిలం, శ్రీశైలం, మంత్రాలయం, ఒంటిమిట్ట, కడప పెద్ద దర్గా వంటి చోట్ల భక్తులు వేసే కానుకల్లో చెల్లని పైసలు, అణాలు, విదేశీ బిళ్ళలు కూడా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక మిగిలిన పాత డబ్బులను బయట పారేయలేక హుండీలో వేయడం చాలామందికి అలవాటు. లెక్కింపు రోజున గుడ్డ పరిచి బిళ్ళలను విలువల వారీగా కుప్పలు పోసేటప్పుడు చెల్లనివి విడిగా తేలతాయి. అవి దేవస్థానం సొత్తు. బయటివారు వాటిని ఏరుకోవడానికి వీలుండదు.

వెండి రూపాయి ఎక్కువగా నిలిచింది కంసాలుల దగ్గర. కంపెనీ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. అందుకే త్రాసులో తూకపురాయిగా అది పనికొచ్చింది. పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి కావడంతో కరిగించి కడియాలూ పట్టీలూ చేశారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో విక్టోరియా, అయిదో జార్జి రూపాయలు ఇప్పటికీ అమ్మకానికి వస్తాయి, కాకపోతే వాటిని కొనేది వెండి బరువు లెక్కనే. సుగాలీ స్త్రీలు రవికెలకూ దండలకూ కుట్టుకున్న పావలాలు, అర్ధరూపాయలు మూలకు పడకుండా తరాలు దాటి వచ్చాయి. వరలక్ష్మీ వ్రతం కోసం దేవుడి గూట్లో దాచిన తామరపువ్వు ఇరవై పైసల ఇత్తడి బిళ్ళలదీ అదే దారి.

నేల ఇచ్చే నాణేలు

నిజంగా ప్రాచీనమైనవి మట్టిలోంచే వస్తాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడవడం అందరికీ తెలిసిందే. అదే వానకు పాత ఊరి దిబ్బలు కోసుకుపోయి రాగి బిళ్ళలూ పైకి తేలతాయి. వీటిలో విజయనగర కాలపువి ఎక్కువ. చొక్కా గుండీ అంత వెడల్పు, దానికి రెండింతల మందం, పైన పచ్చటి చిలుము. వేలితో మట్టి తుడిస్తే ఏనుగో నందో గరుత్మంతుడో లీలగా కనిపిస్తుంది. బంగారు వరహా 3.4 గ్రాములు ఉంటుంది. ఫణం మాత్రం గ్రాములో మూడో వంతుకు అటూఇటూగా ఉంటుంది, వేలి కొసకు అంటుకుంటే ఊడిరాదు.

ఇంకా వెనక్కి వెళితే, శ్రీశైలం జలాశయం ముంపుకు ముందు తవ్విన వీరాపురంలో శాతవాహనుల నాటి మహారథులనే స్థానిక పాలకుల నాణేలు బయటపడ్డాయి. నంద్యాలలో 1932లో రోమన్ బంగారు నాణేల రాశి దొరికింది. చరిత్రకారుడు రాబర్టు సూయల్ 1904లోనే భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల పట్టిక ప్రచురించాడు. ఇలాంటి వాటిలో చాలా నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీమ రైతులు పాటిదిబ్బల మట్టిని ఎరువుగా బండ్లకెత్తి చేలకు తోలుకుంటారు. కాబట్టి చేలో దొరికిన నాణెం ఆ చేనిదే కానక్కర్లేదు, రెండు మైళ్ళ అవతలి ఊరిది కావచ్చు. దొరికిన చోటుతోపాటు ఆ చేలోకి మట్టి ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాసిపెట్టడం ఇందుకే ముఖ్యం. చింతపండు పులుసు, బూడిద పెట్టి తోమితే చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. సేకరణకు అంతకన్నా పెద్ద నష్టం లేదు.

చట్టం, మోసాలు

1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువగల నిధి గురించి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలు శిక్ష ఉంది. నిధికి పాత హక్కుదారు లేడని తేలితే, ఒప్పందమేదీ లేనప్పుడు దొరికించుకున్నవారికి ముప్పాతిక వంతు, స్థలం యజమానికి పాతిక వంతు చెందుతుంది. ప్రభుత్వం కోరుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. నూరేళ్ళు దాటిన నాణేన్ని 1972 చట్టం పురావస్తువుగా లెక్కిస్తుంది, దేశం దాటించకూడదు. చెల్లుబాటులో ఉన్న నాణేలను కరిగించడం 2011 నాణేల చట్టం కింద నేరం. ఈ సీమలో దొరికిన పురావస్తువులను కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో చూడవచ్చు.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు లక్షలు వస్తాయన్న ప్రచారం అబద్ధం. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడి ముందుగా రుసుము అడిగేవాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. అంతకన్నా ప్రమాదకరమైనది 'రైస్ పుల్లింగ్'. బియ్యపు గింజలను లాగే శక్తి ఉందంటూ ఒక రాగి బిళ్ళను చూపి, పొలాలు అమ్మించి డబ్బు గుంజే ఈ మోసానికి బలైన కుటుంబాలున్నాయి. సాధారణంగా చూపేది హనుమంతుడి బొమ్మ, 'ఈస్టిండియా కంపెనీ, 1818' అన్న అక్షరాలు ఉన్న అర్ధణా. అది ఈ మధ్య పోతపోసిన బొమ్మ బిళ్ళ. అలాంటి అర్ధణాను కంపెనీ టంకశాల ఏదీ ఎన్నడూ కొట్టలేదు.