థైమస్ పెప్టైడ్లు

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే థైమస్ గ్రంథి నుంచి వేరుచేసిన చిన్న ప్రొటీన్ ముక్కలను, వాటి నమూనాలో ప్రయోగశాలలో తయారైన మందులను కలిపి థైమస్ పెప్టైడ్లు అంటారు. పాఠ్యపుస్తకాలు బాలగ్రంథి అని పిలిచే ఈ అవయవం యవ్వనారంభం దాకా పెరిగి, ఆపైన ఏటేటా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. రోగనిరోధక వ్యవస్థకు ఆయువుపట్టయిన టి కణాలు పరిణతి చెందేది ఇక్కడే. వయసు మళ్లినవారిలో అంటురోగాలు ముదరడానికి, టీకాలు అంతగా పనిచేయకపోవడానికి ఈ క్షీణత ఒక కారణం. గ్రంథి తగ్గిపోయినా దాని సారాన్ని సూదిమందుగా ఇచ్చి లోటు తీర్చవచ్చా అన్న ప్రశ్న నుంచే ఈ మందులన్నీ పుట్టాయి.

పూర్వ చరిత్ర

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైద్యులు థైమస్‌ను ప్రాణాంతకమైనదిగా చూశారు. శవపరీక్షకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది జబ్బుతో, ఆకలితో చాన్నాళ్లు తీసుకుని చనిపోయిన పేదపిల్లలు. జబ్బు, ఆకలి రెండూ థైమస్‌ను చిక్కిపోయేలా చేస్తాయి. ఆ చిక్కిన గ్రంథే మామూలుదని పొరబడి, హఠాత్తుగా చనిపోయిన ఆరోగ్యవంతులైన పసివాళ్లలో కనిపించిన నిండు గ్రంథే వాళ్ల చావుకు కారణమన్నారు. 1889లో ఆర్నాల్డ్ పాల్టౌఫ్ దీన్ని ఒక రుగ్మతగా వర్ణించాడు. 1907 నుంచి ఎక్స్‌రేలతో గ్రంథిని కుదించే చికిత్స మొదలై, అమెరికాలో వేలమంది పసిపిల్లలకు జరిగింది. అలా చికిత్స పొందినవాళ్లలో థైరాయిడ్ కేన్సర్ కనిపిస్తోందని 1950లో ఇద్దరు వైద్యులు గుర్తించారు. పేదల శరీరాల్లో ఆకలి చేసిన నష్టాన్ని ప్రకృతి నియమమనుకోవడం వల్ల వచ్చిన అనర్థం ఇది.

అదే కాలంలో మన దేశంలో మరో దారి తెరుచుకుంది. నీలగిరుల్లోని కూనూరులో 1918లో బెరిబెరిపై పరిశోధన మొదలుపెట్టిన రాబర్ట్ మెక్‌కారిసన్, పావురాలకు బాగా పాలిష్ పట్టి విటమిన్లు పోయిన బియ్యమే మేతగా పెట్టి, చనిపోయాక వాటి అవయవాలను తూచాడు. అన్నింటికన్నా ఎక్కువగా కృశించింది థైమస్. వృషణాలు, ప్లీహం ఆ తర్వాతే. మెదడు దాదాపు చెక్కుచెదరలేదు. ఈ గ్రంథి ఏం చేస్తుందో ఎవరికీ తెలియని రోజుల్లోనే, తిండి తగ్గితే ముందుగా దెబ్బతినేది ఇదేనని ఆ తూకం చెప్పింది. ఆయన స్థాపించిన ఆ ప్రయోగశాలే 1950ల చివర్లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

థైమస్ పని తేలింది 1961లో. లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో ఆ గ్రంథిని తీసేస్తే అవి నీరసించి, అంటురోగాలకు లొంగిపోయాయి. పరాయి చర్మాన్ని అతికించినా తిరస్కరించలేకపోయాయి.

దూడ గ్రంథి నుంచి మందు దాకా

1966లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో అలన్ గోల్డ్‌స్టైన్, అబ్రహాం వైట్ బృందం దూడ థైమస్‌ను నూరి, వడగట్టి తీసిన సారానికి థైమోసిన్ అని పేరు పెట్టింది. దాన్ని మరింత శుద్ధిచేసిన ఐదో భాగాన్ని 1970ల మధ్యలో, పుట్టుకతోనే టి కణాల లోపం ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. 1977లో అందులోంచి 28 అమైనో ఆమ్లాల థైమోసిన్ ఆల్ఫా-1 గుట్టు విప్పారు. ఆ తర్వాత దూడలతో పని లేకుండా దాన్ని రసాయనికంగానే తయారుచేస్తున్నారు. థైమోపొయెటిన్ అనే మరో థైమస్ ప్రొటీన్‌లోని ఐదు అమైనో ఆమ్లాల ముక్క థైమోపెంటిన్‌గా, సోవియట్ లెనిన్‌గ్రాడ్‌లో ఖవిన్సన్, మొరొజొవ్ తీసిన దూడ సారం థైమాలిన్‌గా మందుల జాబితాల్లోకి చేరాయి.

ఇక్కడ ఒక మలుపు ఉంది. ఆల్ఫా-1కు మాతృక అయిన ప్రొటీన్ థైమస్‌లోనే కాక శరీరమంతటా కణాల్లో ఉందని 1980లలో తేలింది. 43 అమైనో ఆమ్లాల థైమోసిన్ బీటా-4 పరిస్థితీ అంతే. పేరులో థైమస్ ఉన్నంతమాత్రాన ఇవి ఆ గ్రంథికి ప్రత్యామ్నాయాలు కావు. బీటా-4 క్రీడల్లో నిషిద్ధం. ఆస్ట్రేలియాలో ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు 2012లో ఆడిన 34 మంది ఆటగాళ్లపై 2016లో వేటు పడింది ఈ పదార్థం వల్లే.

వైద్యంలో ఎక్కువ చోటు దక్కింది ఆల్ఫా-1కే. జడాక్సిన్ పేరుతో 30కి పైగా దేశాలు, ముఖ్యంగా హెపటైటిస్-బికి, అనుమతించాయి. మోతాదు 1.6 మిల్లీగ్రాములు, చర్మం కింద, వారానికి రెండుసార్లు. అమెరికాలో అనుమతి రాలేదు. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే సెప్సిస్‌లో 2013 నాటి చైనా పరీక్ష ఆశ కల్పించింది: 361 మందిలో మరణాలు 35 శాతం నుంచి 26కు తగ్గినట్టు కనిపించింది. వెయ్యిమందికి పైగా రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2025లో వెలువడింది. 28 రోజుల్లో మరణాలు మందు తీసుకున్నవారిలో 23.4 శాతం, తీసుకోనివారిలో 24.1 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

వృద్ధాప్యం

వయసును వెనక్కి తిప్పుతాయంటూ ఈ పెప్టైడ్లను అమ్మేవాళ్లు చూపే ఆధారం పలచనిది. 266 మంది వృద్ధులపై 2003లో ఖవిన్సన్ బృందం ప్రకటించిన ఫలితాలు పెద్ద, స్వతంత్ర పరీక్షల్లో రుజువు కాలేదు. 2019లో గ్రెగ్ ఫాహీ థైమస్ తిరిగి పెరిగిందని చూపిన ప్రయోగంలో పాల్గొన్నది తొమ్మిది మంది పురుషులే. పైగా వాళ్లకు ఇచ్చినవి థైమస్ పెప్టైడ్లు కావు, గ్రోత్ హార్మోన్, డీహెచ్‌ఈఏ, మెట్‌ఫార్మిన్. గ్రంథి మాత్రం పెద్దవాళ్లలోనూ విలువైనదే. 2023లో వెలువడిన అధ్యయనంలో, ఛాతీ శస్త్రచికిత్సలో థైమస్ తీసేయించుకున్నవారిలో ఐదేళ్లలో మరణాలు 8.1 శాతం. అలాంటి శస్త్రచికిత్సే అయినా గ్రంథి మిగిలినవారిలో 2.8 శాతం.

జింక్, పోషణ

నిజంగా థైమస్ హార్మోన్ అనదగ్గది థైములిన్. పారిస్‌లో ఝాన్-ఫ్రాన్స్వా బాక్ బృందం 1970లలో కనుగొన్న ఈ తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్‌కు జింక్ అతుక్కుంటేనే అది పనిచేస్తుంది. మెక్‌కారిసన్ తూకానికీ ఈ రసాయనానికీ మధ్య లంకె తిండిలో ఉంది. హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ నుంచి పి. భాస్కరం, వినోదిని రెడ్డి 1975లోనే, ఇనుము లోపించిన పిల్లల్లో టి కణాలు తగ్గుతున్నాయని రాశారు. బొలీవియాలో ఆ తర్వాత అల్ట్రాసౌండ్‌తో చూస్తే, పోషణలోపం నుంచి కోలుకునే పిల్లలు నెలలో బరువు పుంజుకున్నా థైమస్ తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. జింక్ కలిపి ఇస్తే అదీ నెలకే తేరుకుంది.

జొన్న రొట్టె, కందిపప్పు ముఖ్యాహారమైన, తెలంగాణలోని నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ వంటి ప్రాంతాలకు ఇది నేరుగా వర్తించే విషయం. ఆ గింజల్లో జింక్ ఉన్నా, వాటిలోని ఫైటేట్ అనే పదార్థం దాన్ని పేగులో పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఆ పట్టును సడలిస్తాయి. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తోపాటు 14 రోజులపాటు జింక్ మాత్రలు ఇవ్వడం మన ప్రభుత్వ వైద్య విధానం: రెండు నుంచి ఆరు నెలల వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వారికి 20. దీని మేలంతా థైమస్ ద్వారానే జరుగుతుందని చెప్పలేం. పేగు గోడ మాని బలపడటమూ అందులో భాగమే. పెద్దవాళ్లు సొంతంగా జింక్‌ను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే మాత్రం శరీరంలో రాగి తగ్గి, రక్తహీనతకు దారితీయవచ్చు.