నర్రా చెట్టు, కోతుల్ని తినే గద్ద

ఇవాళ ఒక చెట్టునీ ఒక గద్దనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ఫిలిప్పీన్స్‌వే. ఒకటి ఆ దేశపు జాతీయ వృక్షం, రెండోది జాతీయ పక్షి.

చెట్టు పేరు నర్రా. మన శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది కదా, దానికి ఇది దగ్గర చుట్టం. మన వేగిస కూడా ఆ కుటుంబమే.

దీని కలపతో ఒక తమాషా ఉంది. ఆ కలపతో చేసిన కప్పులో నీళ్లు పోసి కాసేపు ఉంచితే, వెలుతురులో నీళ్లు నీలంగా మెరుస్తాయి. 1646లో కిర్చర్ అనే జెసూట్ పండితుడు ఈ వింత గురించి రాశాడు. తర్వాత రాబర్ట్ బాయిల్ కూడా పరీక్షించి చూశాడు. యూరప్ వాళ్లు ఆ నీళ్లని కిడ్నీ మందు అనుకుని తాగేవాళ్లు! మెక్సికోలో ఇంకో చెట్టుకీ ఇదే గుణం ఉండటంతో రెండింటినీ చాలాకాలం కలిపేశారు. ఇవాళ మనం ఫ్లోరోసెన్స్ అంటున్నది అదే.

1934లో, అమెరికా పాలనలో ఉండగానే, నర్రా జాతీయ వృక్షం అయింది.

గద్ద వంతు రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. 1896లో జాన్ వైట్‌హెడ్ అనే ఇంగ్లిష్ వాడు సమర్ దీవిలో దీన్ని సేకరించాడు. ఇది కోతుల్ని తింటుందని అక్కడివాళ్లు చెప్పారు, అదే పేరు పెట్టేశారు. తీరా చూస్తే మిందనావోలో దీని ముఖ్య ఆహారం ఎగిరే లెమూర్లు. 1978లో పేరు మార్చి ఫిలిప్పీన్ ఈగల్ అన్నారు. 1995లో మాయా అనే చిన్న పిట్టని తప్పించి దీన్ని జాతీయ పక్షి చేశారు.

హోదా ఒకటే అయినా బతుకులు వేరు. నర్రా కొమ్మ నరికి పాతితే వేళ్లూనుతుంది. సింగపూర్‌లో దీన్ని అంగ్సానా అంటారు. అక్కడ రోడ్ల పక్కన త్వరగా నీడ కావాలని పెద్ద పెద్ద కొమ్మలే పాతేశారు. గద్దతో అలా కుదరదు. రెండేళ్లకి ఒక్క గుడ్డు. ఒక్క జంటకి వేల హెక్టార్ల అడవి కావాలి, ఆ అడవేమో కలప కోసం పోయింది. దావావ్ కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది 1992లో. దానికి పగ్-ఆసా, అంటే 'ఆశ', అని పేరు పెట్టారు. అది 2021 జనవరిలో చనిపోయింది.

అంతకుముందే, 2019లో, ఒక జంటని సింగపూర్‌కి పంపారు. ఇక్కడ ఏదైనా జబ్బు వచ్చి అన్నీ పోతే, అక్కడైనా రెండు మిగలాలని.