అవ్వ ఎక్కిన ట్రాము

మా కోసిగి స్టేషన్లో నిలబడి ఆదోని వైపు సాగిపోయే పట్టాలను చూస్తే నాకు మద్రాసే గుర్తొస్తుంది. మద్రాసు నుంచి వచ్చిన ఆ పట్టాలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి పట్టాలతో కలిశాయి. అప్పట్నుంచీ మా ఊరివాళ్ళకు మద్రాసంటే రైలెక్కితే వచ్చే ఊరే! పైగా మా ఆదోని తాలూకా ఆ రోజుల్లో బళ్ళారి జిల్లా, మద్రాసు రాష్ట్రం.

మా అవ్వ పెండ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి అక్కడికి పోయొచ్చింది. సముద్రం ఎట్లుందని అడిగితే, "తాగను పనికిరాని నీళ్ళు ఎన్నుంటే ఏం లాభమే?" అని తేల్చేసేది. ట్రాము మాట ఎత్తితే మాత్రం పొయ్యిమీద పప్పు మాడాల్సిందే. "ఎద్దు లేదు, గుర్రం లేదు, పొగ లేదు. గంట కొట్టుకుంటా నడివీధిలో పోతాది!"

అవ్వ అబ్బురపడిందంటే పడదూ మరి! మనదేశంలో మొట్టమొదటి కరెంటు ట్రాము 1895 మే 7న మద్రాసులోనే కదిలింది. అప్పటికింకా లండను వీధుల్లో ట్రాములను గుర్రాలే లాగుతున్నాయి. మొదట్లో కరెంటు తీగను నేలలో కాలువ తీసి దాచారు. మద్రాసు వానలు ఊరుకుంటాయా? ఆ ఏర్పాటు పాడై, చివరకు తీగను నెత్తిమీదికి ఎత్తారు. 1921 నాటికి 97 ట్రాములు, 24 కిలోమీటర్ల దారి!

తర్వాత బస్సు వచ్చింది. దానికి పట్టాలక్కర్లేదు, జనం ఏ వీధిలో ఉంటే ఆ వీధికి పోతుంది. ట్రాములేమో ముసలివైపోయాయి. కొత్తవి కొనాలంటే డబ్బు కావాలి, కంపెనీ చూస్తే నష్టాల్లో మునిగింది. 1953 ఏప్రిల్ 12న ట్రాములు ఆగిపోయాయి.

అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. మద్రాసు మనకు దక్కలేదు. "ట్రామూ పాయె, పట్నమూ పాయె" అనేది అవ్వ. రెండింటికీ ఒకే నిట్టూర్పు.

2003లో హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలయ్యాయి. ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నప్పుడల్లా అవ్వ ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ సర్వీసుకూ ఇరవయ్యేళ్ళు దాటాయి. ఇంట్లో కుట్టుమిషనుకు వేళకు రెండు చుక్కల నూనె వేస్తే అమ్మ తర్వాత కూతురూ కుడుతుంది. వేయకుంటే అటకెక్కుతుంది. ఊరి బండికైనా అంతే గదా! ఆగిపోయాక నిట్టూర్చేకంటే, నడిచేటప్పుడే బాగోగులు చూసుకోవడం మేలు.