కిటికీ కింద కుట్టుమిషను

పోయినేడు ఏప్రిల్‌లో ఒక ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. పేరు ‘స్టూడియో’. అందులో మూడు కాలమ్‌లు: వస్తువు, ధర, నిజంగా అవసరమా. బడ్జెట్ 15,000 రూపాయలు. హైదరాబాదులో మాది రెండు పడగ్గదుల ఫ్లాటు. రెండో గదికి ఉత్తరం వైపు కిటికీ ఉంది. వారమంతా కోడు రాసి, శని ఆదివారాలు రంగులు పులుముకుందామనుకునే వాడికి అంతకంటే ఏం కావాలి? అడ్డం ఒకటే. ఆ కిటికీ కింద అమ్మ కుట్టుమిషను ఉంది.

షీట్‌లో మిషను ఊసే లేదు. హాల్లో టీవీ పక్కకి జరిపితే అయ్యే ఖర్చు సున్నా కదా, రాయడమెందుకు అనుకున్నాను. జరిపేశాను కూడా. అమ్మ ఏమీ అనలేదు. నూనెడబ్బా, దారపుకండెలు ఉన్న బిస్కెట్ల డబ్బా మాత్రం తనే మోసుకెళ్ళింది.

ఏం కొనాలన్నా ముందు పది రివ్యూలు చదివే జబ్బు నాది. ఈసారి రివ్యూల బదులు చిత్రకారుల ఇళ్ళ గురించి చదివాను. తక్కువ డబ్బుతో, ఇంట్లోనో అద్దె గదిలోనో పనిచేసుకున్నవాళ్ళు ఎలా సర్దుకున్నారో చూసి నాలుగు చిట్కాలు ఏరుకుందామనేది ఆలోచన. చిట్కాలు దొరికాయి. వాటితోపాటు నేననుకోనిది ఇంకోటి దొరికింది.

మొదట వాన్ గో. 1888 మే 1న అతను దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో, గోడలకి పసుపు రంగు వేసిన ఒక ఇంట్లో కొంత భాగం అద్దెకి తీసుకున్నాడు. అద్దె నెలకి 15 ఫ్రాంకులు. చవకే. కానీ లోపల సామాను లేదు. అందుకని సెప్టెంబరు దాకా పని అక్కడ, పడక ఇంకోచోట. ఆ తర్వాత రెండు మంచాలు కొన్నాడు. వాల్‌నట్ చెక్కది వచ్చే అతిథికి, మామూలు చెక్కది తనకి. ఒక అద్దం కొన్నాడు. 12 కుర్చీలు కొన్నాడు. ఉండబోయేది ఇద్దరు, కుర్చీలు పన్నెండు! చీకటి పడ్డాక కూడా పనిచేయొచ్చని గ్యాస్ దీపం పెట్టించుకున్నాడు. ఆ అక్టోబరులో వేసిన ‘పడకగది’ బొమ్మలో మనం చూసేది ఆ మామూలు చెక్కమంచాన్నే. ఇవాళ అది కాఫీ మగ్గుల మీదికి కూడా ఎక్కింది.

ఈ డబ్బంతా ఎక్కడిది? తమ్ముడు తెయోది. అతను పారిస్‌లో బొమ్మలమ్మే సంస్థలో ఉద్యోగి. అద్దె, తిండి, రంగులు, కాన్వాసు అన్నీ అతని డబ్బుతోనే. ఇల్లు సర్దుకోమని ఒక్కసారే 300 ఫ్రాంకులు పంపాడు. అంటే ఆ ఇంటి ఇరవై నెలల అద్దె. బదులుగా బొమ్మలు తెయోవి కావాలని అన్నదమ్ముల మధ్య ఒప్పందం. అక్టోబరు 23న గోగాఁ వచ్చాడు, క్రిస్మస్ నాటికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో చిత్రకారులంతా కలిసి బతుకుతారన్న కల అక్కడితో ఆగింది. 1890 జూలైలో విన్సెంట్, ఆర్నెల్లకే, 1891 జనవరిలో, తెయో పోయారు. తెయో భార్య యోకి మిగిలింది చంటిపిల్లాడూ, ఎవరూ కొనని బొమ్మలూ, ఒక ఉత్తరాల కట్టా. 1914లో ఆ ఉత్తరాలు అచ్చు వేయించింది ఆవిడే. మంచాల చెక్కా, కుర్చీల లెక్కా ఇవాళ నాకు తెలిశాయంటే యో ఆ కట్టని దాచిపెట్టడం వల్లే.

రెండోవాడు జామినీ రాయ్. నా బడ్జెట్‌కి ఈయనే సరైన గురువు అనుకున్నాను. 1887లో బెంగాల్లోని బంకురా జిల్లా బేలియాతోడ్‌లో పుట్టాడు. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో చదివి, ఆయిల్ పెయింటింగ్‌లో యూరోపియన్ పద్ధతి నేర్చి, పోర్ట్రెయిట్లు వేసి పేరూ డబ్బూ సంపాదించాడు. 1920ల నుంచి అదంతా మెల్లగా వదిలేసి పల్లె పటచిత్రాల దారి పట్టాడు. కాన్వాసు బదులు బట్ట, చాప, చెక్క. విదేశీ ట్యూబు రంగుల బదులు రాతిపొడి, ఒండ్రుమట్టి, నీలిమందు, సుద్ద. గీతలకి దీపపు మసి. రంగు అంటుకోవడానికి చింతగింజల జిగురు. నేలమీద కూర్చుని వేసేవాడు కాబట్టి ఈజిల్ అవసరమే లేదు.

చింతగింజ అన్న మాట చూడగానే ఇంటికి వచ్చినట్టయింది. మన సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు కథల పటాలు వేసే ఖద్దరు గుడ్డకి పట్టించేదీ ఇలాంటిదే. సుద్దమట్టి, గంజి, జిగురు, చింతగింజల పేస్టు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాక గుడ్డ అట్టలా బిగుస్తుంది. నేనూ ప్రయత్నించాను. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, మిక్సీలో రుబ్బి, నీళ్ళలో ఉడికించాను. జిగురు బాగానే వచ్చింది. మూడోరోజుకి బూజూ వచ్చింది. షీట్‌లో దాని ధర సున్నా అని రాసుకున్నాను కానీ, పొట్టు తీయడానికే ఒక ఆదివారం పూర్తిగా పోయింది. నానిన గింజల్ని ఎలా నలిపితే పొట్టు ఊడుతుందో చూపించి, సగం తీసిపెట్టింది అమ్మ.

అప్పుడు జామినీ రాయ్ ఇంటి గురించి మళ్ళీ చదివాను. అది ఒక్కడి స్టూడియో కాదు. కొడుకూ, సహాయకులూ కలిసి పనిచేసే కార్ఖానా. ఒకే బొమ్మకి ఎన్నో ప్రతులు తయారయ్యేవి. మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా బొమ్మ వెళ్ళాలని ఆయన ధర తక్కువ పెట్టేవాడు. ఏది పూర్తిగా ఆయన చేతిది, ఏది ఇంట్లో ఇంకొకరిది అన్న తగువు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. సంతకం మాత్రం అన్నిటి మీదా ఒకటే. పటచిత్రాలవాళ్ళ ఇళ్ళలో ఇది వింత కాదు, పని ఇంటిల్లిపాదిదీ. ఒకే పేరు కావాలని అడిగేది మ్యూజియమూ మార్కెట్టూ. చవకైన రంగుల వెనక ఇంతమంది చేతులున్నాయని నాకు ముందు తట్టలేదు.

మూడోవాడు జార్జో మొరాండి. ఇటలీలోని బొలోన్యాలో, ఫొందాజ్జా వీధిలో ఒక అపార్టుమెంటు. 1910 నుంచి 1964లో పోయేదాకా ఆయన ఉన్నది అక్కడే. తల్లితో, ముగ్గురు చెల్లెళ్ళతో. ఆయన పడకగదే స్టూడియో. ఒంటిమంచం, ఈజిల్, బల్లల నిండా సీసాలు, కూజాలు, డబ్బాలు. సీసా మెరవకుండా దానికి రంగు పూసేవాడు. వాటిమీద పట్టిన దుమ్ము తుడవనిచ్చేవాడు కాదు. వస్తువుని ఎక్కడ పెట్టాడో గుర్తుండటానికి బల్లమీది కాగితం మీద దాని చుట్టూ గీత గీసేవాడు. మోడల్‌కి డబ్బివ్వక్కర్లేదు, ఊళ్ళు తిరగక్కర్లేదు. నేను ఎక్కడో అటకమీద ఉన్న హార్లిక్స్ సీసాలు దింపాను.

కానీ మొరాండి గదిలోకి వెళ్ళాలంటే చెల్లెళ్ళ గదిలోంచి వెళ్ళాలి. ఆ ముగ్గురూ పెళ్ళి చేసుకోలేదు, ఆయనా చేసుకోలేదు. ఆయన గురించి రాసేవాళ్ళంతా ఆ గది నిశ్శబ్దం గురించి రాస్తారు. ఆయన ఊరికే కూర్చోలేదు, 1930 నుంచి 1956 దాకా ఆర్ట్ అకాడమీలో ఎచింగ్ పాఠాలు చెప్పి జీతం తెచ్చాడు, నిజమే. అయినా నలుగురైదుగురు బతికే ఇంట్లో ఒక గది అంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్కగదిలో ఎవరో చప్పుడు చేయకుండా తిరుగుతున్నారని అర్థం. నాకైతే ఆ సీసాల బొమ్మలంటే ఇప్పటికీ ప్రాణం. ఇప్పుడు వాటిని చూస్తుంటే పక్కగది తలుపు కూడా గుర్తొస్తోంది.

ఈ ముగ్గురినీ తప్పుపట్టాలని కాదు ఇదంతా రాస్తున్నది. తెయో ఇష్టంగానే పంపాడు. ఆ చెల్లెళ్ళ మనసులో ఏముందో తీర్పు చెప్పడానికి నేనెవణ్ణి? నేను చెప్పేదల్లా ఒకటే. ‘తక్కువ ఖర్చుతో’ అన్నప్పుడు మనం నోట్లు మాత్రమే లెక్కపెడతాం. చోటు, వెలుతురు, నిశ్శబ్దం, ఇంకొకరి ఆదివారం లెక్కలోకి రావు. రానంత మాత్రాన అవి ఉచితం కావు. ఇంట్లో ఎవరో కడుతున్నారు, అంతే.

నాకది అర్థమైంది మాత్రం పుస్తకాల వల్ల కాదు, మే నెల ఎండ వల్ల. స్టూడియోకి ఉత్తరపు కిటికీ మంచిదని అందరూ చెప్తారు. ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది, నీడలు మారవు. బొలోన్యా 44వ అక్షాంశం దగ్గర ఉంది, అక్కడ ఆ మాట చాలామటుకు నిజం. హైదరాబాదు 17 దాటి కాస్త పైన. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి కొంచెం ఉత్తరానే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఇంకా ఉత్తరానికి వాలతాడు. సాయంత్రం అయిదింటికి కాగితం మీద ఎండ ఏటవాలుగా పడి, నా హార్లిక్స్ సీసాల నీడలన్నీ తారుమారయ్యాయి. ల్యాప్‌టాప్ తెరిచి సూర్యుడి కోణాలు లెక్కేస్తూ కూర్చున్నాను.

అమ్మ టీ తెచ్చి, చూసి నవ్వింది. “ఎండాకాలం ఆ కిటికీకి నాన్న పాత పంచె కట్టాల్రా. లేకపోతే సూదిలో దారం ఎక్కదు, కళ్ళు చెదురుతాయి” అంది.

ఆ కిటికీ ఏ నెలలో ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. పదకొండేళ్ళుగా దాని కింద జాకెట్లు కుడుతోంది, చీరలకి ఫాల్స్ వేస్తోంది. అంతకుముందు అద్దె ఇళ్ళలోనూ ఏదో ఒక కిటికీ పక్కనే కుట్టేది. నా ఇంజనీరింగ్ హాస్టల్ మెస్ బిల్లు కొన్ని నెలలు ఆ మిషనే కట్టింది. నేను స్టూడియో పెడదామని చూసిన గదిలో స్టూడియో అప్పటికే ఉంది. అది నాకు కనపడలేదు, అంతే. హాల్లోకి జరిపినప్పటి నుంచీ అమ్మ ట్యూబులైటు వెలుగులో కుడుతోందని కూడా అప్పుడే గమనించాను.

ఆ సాయంత్రమే మిషనుని వెనక్కి తెచ్చి కిటికీ కింద పెట్టాను. “నీ బొమ్మలో?” అంది. గోడవైపు మడిచిపెట్టే బల్ల ఒకటి బిగించుకున్నాను. ప్లైవుడ్డు, కబ్జాలు, కూలీ కలిపి 1,850 రూపాయలు అయింది. శనివారాలు పొద్దున తొమ్మిదింటి దాకా కిటికీ నాది, ఆ తర్వాత అమ్మది. ఎండాకాలం ఇద్దరికీ కలిపి ఒకటే పంచె. మిషను చప్పుడుకి మొదట్లో చెయ్యి అదిరేది, ఇప్పుడు అది ఆగితేనే తల తిప్పి చూస్తున్నాను.