నాలుగు ముక్కల ఆనకట్ట

ధవళేశ్వరం ఆనకట్ట అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసింది నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. నాలుగూ కలిసి గోదారిని ఒకే మట్టాన నిలబెడితే, అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలవలు. తన చేలో నీళ్ళు ఏ ముక్క ఆపినవో రైతుకి అక్కర్లేదు.

లైనక్స్‌లో ఎల్వీఎం చేసేదీ ఇదే. 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ హెచ్‌పీ-యూఎక్స్‌లో ఉన్నదాని నమూనాలో రాశాడు. డిస్కుల్ని మామూలుగా 4 ఎంబీ ముక్కలు చేసి, అన్నీ ఒకే రాశి పోసి, అందులోంచి వాల్యూములు కొలిచిస్తుంది. లీనియర్ అయితే ఒక డిస్కు అయ్యాక ఇంకోటి. స్ట్రైప్ అయితే అన్నిటి మీదా వంతులవారీగా, అందుకే వేగం.

మరి ఒక ముక్క తెగితే? ఆనకట్ట ఎక్కడ తెగినా మట్టం మూడు డెల్టాలకీ పడిపోతుంది. స్ట్రైపూ అంతే. ఓసారి నా రెండు డిస్కుల్లో ఒకటి పోయింది. రెండోది భేషుగ్గా ఉంది, కానీ అందులో ఉన్నవన్నీ సగం సగం ఫైళ్ళే! లీనియర్ అయితే కొన్నయినా దక్కేవేమో.

ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై బ్యారేజీ వచ్చింది. అదీ నాలుగు ముక్కలే. 1986 ఆగస్టు వరదకి గోదారి గట్లు తెగాయి. నీళ్ళు పంచడం ఒక పని, ఊళ్ళని కాపాడ్డం ఇంకో పని. ఎల్వీఎం పంచుతుంది. కాపాడాలంటే మిర్రర్ మనమే అడిగి పెట్టించుకోవాలి, బ్యాకప్ విడిగా తీసుకోవాలి.

మీ సర్వర్‌లో ఉన్నది లీనియరో, స్ట్రైపో, మిర్రరో ఇవాళే చూసుకోండి.